రిటైర్మెంట్‌కి పద్నాలుగు నెలలుంది: ఇంట్లో రైలు ఇప్పుడే మొదలెట్టాలా, అప్పటిదాకా ఆగాలా?

రాయగడ గూడ్స్:

అందరికీ నమస్కారం. నేను రాయగడలో గూడ్స్ లోకో పైలట్‌ని, సొంతూరు పర్లాకిమిడి. ఇంకో పద్నాలుగు నెలల్లో రిటైర్మెంట్. చిన్నప్పటి నుంచీ బొమ్మ రైళ్ల పిచ్చి. బొమ్మ అంటే పిల్లలు కీ తిప్పి వదిలేది కాదు, స్కేలు ప్రకారం కొలిచి చేసే మోడల్ రైల్వే. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదలుపెట్టి వదిలేశాను, ఆరేళ్ల కిందట మళ్లీ పట్టుకున్నాను. ఇప్పటికి హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలు రైలులో 87వ వంతు సైజులో, ఇంజన్లు రెండు, వ్యాగన్లు తొమ్మిది, అట్టపెట్టె నిండా పట్టాలు పోగయ్యాయి. ఆ పట్టాలు పరిచేది మాత్రం మంచం మీద, అదీ రెస్టు దొరికిన రోజు. మా ఆవిడ దుప్పటి మార్చాలనగానే నా రైల్వే మూత.

సమస్య టైమొక్కటే అయితే మిమ్మల్ని అడిగేవాణ్ణి కాదు. రాత్రంతా అల్యూమినా బండి తోలి పొద్దున్నే సైన్ ఆఫ్ చేసి ఇంటికొచ్చాక పట్టా అన్నది కంటికి కనబడకూడదనిపిస్తుంది. కాళ్లు కడుక్కుని పడుకుంటాను. మళ్లీ రెండు రోజులు రెస్టు వస్తే చేతులు ఊరుకోవు. ఇది ఎలాంటి పిచ్చో నాకే తెలీదు. మా లాబీలో, అంటే మేం డ్యూటీ ఎక్కి దిగే ఆఫీసులో, కుర్రాడొకడు అన్నాడు, జైలు వార్డెన్ ఇంటికెళ్లి కిటికీలకి ఊచలు కట్టించుకున్నట్టుంది మీ పని, అని. నవ్వాను గాని ఆ మాట అక్కడే గుచ్చుకుంది. డ్యూటీ ఉన్నన్నాళ్లే ఈ సరదానేమో, డ్యూటీ పోయాక ఇదీ పోతుందేమో అని భయం. టీవీ చూస్తూ కూర్చున్నా నా బొటనవేలు నిమిషానికోసారి సోఫా చేతిని నొక్కుతూ ఉంటుంది, ఇంజన్లో మెలకువగా ఉన్నామని తెలిపే విజిలెన్స్ బటన్ నొక్కే అలవాటు. ఇలాంటి అలవాట్లతో మనిషి రిటైర్ అవడమంటే ఏటో నాకు అర్థం కావట్లేదు.

క్వార్టర్ సంగతి కూడా ఉంది. రిటైరయ్యాక నాలుగు నెలలు మామూలు అద్దెకి ఉంచుకోవచ్చు, ఆ తర్వాత పర్లాకిమిడి ఇంటికే. ఇక్కడ గోడకి మేకులు కొట్టి ఏదైనా కడితే పగలగొట్టి పట్టుకెళ్లాలి. అందుకని ఆ ఇంటి మేడ మీద 12 అడుగులు, 10 అడుగుల గది ఒకటి కట్టించి అందులో కేకే లైను, అదే కొత్తవలస నుంచి కిరండుల్ పోయే ఘాటీ లైను, చేద్దామని ఉంది. కొత్తలో ఆ ఘాటీలో పనిచేశాను. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంటుంది, ఒకప్పుడు దేశంలో అంత ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషను లేదనేవారు. సొరంగాలు, వంతెనలు, ముందూ వెనకా ఇంజన్లతో ఖనిజం బండి. అదే నా కల.

కళ్లు కూడా మునుపటిలా లేవు. 55 దాటాక పీఎంఈ, అదే రైల్వే వాళ్ల ఆరోగ్య పరీక్ష, ఏటేటా ఉంటుంది కదా, దూరపు చూపు బాగానే ఉందంటున్నారు, సిగ్నల్‌కి ఢోకా లేదు. దగ్గరి చూపుకే అద్దాలు కావాలి. మోడల్ పని అంతా దగ్గరి చూపే.

ఇప్పుడే మొదలుపెట్టనా, రిటైరయ్యాక తీరిగ్గా చేసుకోనా? పదవీ విరమణ డబ్బులోంచి దీనికెంత పెట్టొచ్చు? అనుభవం ఉన్నవాళ్లు మొహమాటపడకుండా చెప్పండి.

---

బరంపురం ఎస్సెమ్ (రిటైర్డ్):

పైలట్ గారూ, నమస్తే. స్టేషన్ మాస్టర్‌గా చేసి 2019లో రిటైరయ్యాను. మీ ప్రశ్నకి జవాబు: ఇప్పుడే. కానీ మీరు చెప్పిన గది, మీరు చెప్పిన ఘాటీ మాత్రం ఇప్పుడొద్దు.

నేను చేసిన తప్పు వినండి. సర్వీసులో ఉండగా వెనక వరండాలో ఇనప మంచం మీద 8 అడుగులు, 4 అడుగుల ప్లైవుడ్ రేకు ఒకే ముక్కగా వేసి పట్టాలు పరిచి, కొండలకి పాత పేపర్లు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వేసి, రెండేళ్లు కష్టపడ్డాను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను వచ్చింది. నేను స్టేషన్లోనే ఉన్నాను, ఇంటికి రావడానికి రెండు రోజులు పట్టింది. వచ్చి చూస్తే కొండలు కరిగి పట్టాల మీదకి పాలమీగడలా జారిపోయి ఉన్నాయి, ప్లైవుడ్ పొరలు విడిపోయి పుస్తకంలా తెరుచుకుంది. అంత పెద్ద రేకు ఒక్కదాన్నీ లోపలికి లాగడం మా ఆవిడ వల్ల కాలేదు, గుమ్మంలో పట్టదు కూడా. అప్పట్నుంచీ నాది ఒకటే రూలు: ఇద్దరు మనుషులు ఎత్తి, గుమ్మంలోంచి అడ్డంగా తిప్పకుండా బయటికి తీసుకెళ్లగలిగిన సైజే కడతాను. ఇప్పుడు నా దగ్గర నాలుగడుగుల బల్లలు ఐదు ఉన్నాయి, ఒకదానికొకటి బోల్టులతో బిగుసుకుంటాయి. మీ క్వార్టర్ సమస్యకి మందు అదే. రాయగడలో కట్టింది టాటా మ్యాజిక్ ఎక్కించి పర్లాకిమిడి తీసుకెళ్లిపోవచ్చు.

డ్యూటీ పోతే సరదా పోతుందా అన్నారు. నాకైతే రిటైరయ్యాక మొదటి ఆరు నెలలూ రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసేది, చెవిలో బ్లాక్ ఇన్‌స్ట్రుమెంట్ గంట, పక్క స్టేషను వాళ్లు బండి గురించి కొట్టే గంట. లేచి కూర్చునేవాణ్ణి. చివరికి ఆ గంటనే ఇంట్లో పెట్టుకున్నాను. హాల్లో ఒక స్టేషను, వంటింటి గోడ పక్కన ఇంకో స్టేషను, మధ్యలో రెండు కాలింగ్ బెల్లులు. నేనొక స్టేషను, పదకొండేళ్ల మనవడు ఇంకో స్టేషను. వాడు గంట కొట్టి లైన్ క్లియర్, అంటే బండి పంపడానికి అనుమతి, అడగాలి, నేను ఇవ్వాలి, అప్పుడే బండి కదలాలి. టోకెన్ కింద పిల్లలాడుకునే గోళీ వాడతాం, లైను మీదికి వెళ్లే అధికారంగా డ్రైవరుకిచ్చే లోహపు బంతి, నీల్స్ బాల్ టోకెన్, తెలిసినవాళ్లకి ఆ నవ్వు అర్థమవుతుంది. బండి లేటైతే రిజిస్టర్లో కారణం రాయాలి. మొన్న వాడు రాశాడు, "అమ్మమ్మ పట్టా మీద కూరగాయల బుట్ట పెట్టినందున 12 నిమిషాలు ఆలస్యం." సంతకం కూడా పెట్టాడు.

మన పని మనకి విసుగు కాదండీ, ఆ పనిలో ఉన్న టెన్షనే విసుగు. ఇక్కడ గోళీ పోతే ఛార్జిషీటు ఉండదు.

---

బల్లార్షా పీవే:

ఎస్సెమ్ గారి మాట సగం ఒప్పుకుంటాను. నాది మహారాష్ట్ర వైపు, చంద్రపూర్ జిల్లా, ముప్పయ్యారేళ్లు పట్టా పనిలోనే గడిపాను. ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. పైలట్ గారు కేకే లైను కలగంటున్నారు కాబట్టి ముందు టేపు తీసి కొలుద్దాం.

మన బ్రాడ్‌గేజ్‌లో అన్నిటికంటే గట్టి వంపు 10 డిగ్రీలు, అంటే 175 మీటర్ల రేడియస్. దాన్ని హెచ్‌ఓలోకి, అంటే 1:87కి దించితే 2 మీటర్ల రేడియస్, చుట్టు తిరగాలంటే 4 మీటర్ల వెడల్పు. మీ గది పొడవు 3.6 మీటర్లు. బజారులో దొరికే 18 అంగుళాల వంపు పట్టా వాడతామంటారా, అది అసలు లైన్లో 40 మీటర్ల రేడియస్ అన్నమాట, అలాంటి వంపు నేను వేసి ఉంటే ఆ రోజే ఇంటికి పంపేసేవారు. దాని మీద ఇప్పటి కొత్తరకం ఎల్‌హెచ్‌బీ బోగీ, మోడల్లో 27 సెంటీమీటర్లు ఉంటుంది, తిరిగేటప్పుడు నడుం ఒకవైపు, తల ఒకవైపు పెట్టుకుని తిరుగుతుంది.

ఎత్తు సంగతి చూడండి. కేకే లైను గ్రేడియంట్ 1 ఇన్ 60, అంటే 60 మీటర్లు పోతే ఒక మీటరు ఎక్కుడు. ఒక లైను మీంచి ఇంకో లైను దాటాలంటే మోడల్లో కనీసం 75 మిల్లీమీటర్లు ఎక్కాలి, 1 ఇన్ 60 లెక్కన నాలుగున్నర మీటర్ల ఎక్కుడు, మళ్లీ దిగడానికి అంతే. మీ గది చుట్టుకొలత 13 మీటర్ల పైచిలుకు, అందులో గుమ్మం తీసేయండి. మీరు తోలే 58 బాక్సెన్ (పైకప్పు లేని) వ్యాగన్ల బండి ఉందే, ఒక్కో వ్యాగను 10.7 మీటర్లు, మొత్తం హెచ్‌ఓలో కడితే ఇంజను కాకుండానే 7 మీటర్లు దాటుతుంది. గదిలో సగం చుట్టు అదే ఉంటుంది. ముందు ఇంజను ఘాటీ ఎక్కుతుంటే వెనక ఇంజను కింది స్టేషన్లోనే ఉంటుంది.

అదీగాక గేజే, అంటే రెండు పట్టాల మధ్య దూరమే, తప్పు. మనది 1676 మిల్లీమీటర్లు, 1:87లో 19 చిల్లర రావాలి. దొరికే హెచ్‌ఓ పట్టా 16.5. అది విదేశీ 1435 గేజుకి చేసింది. మన ఇంజను దాని మీద పెడితే చిన్న పీట మీద పెద్దమనిషి కూర్చున్నట్టుంటుంది. చాలామంది పట్టించుకోరు, తప్పు లేదు. నేను పట్టించుకుంటాను, నా జబ్బు అది.

డబ్బు మాట సూటిగా చెప్తాను. గ్రాట్యుటీ, 300 రోజుల లీవు డబ్బు, పింఛను అమ్ముకున్న డబ్బు, వీటిల్లోంచి రూపాయి కూడా దీనికి తీయొద్దు. నేను నెలకి రెండు వేలు పక్కన పెడతాను, జీతంలోంచే. విదేశీ ఇంజను ఒకటి తెప్పించినప్పుడు అన్నీ కలిపి పదహారు వేలయ్యింది, పైగా కొరియర్‌లో ఒక మెట్టు విరిగి వచ్చింది, అమ్మినవాడు ఫోనెత్తలేదు. అప్పట్నుంచీ కొనడం తగ్గించి చేయడం పెంచాను.

---

రాయగడ గూడ్స్:

ఏడు మీటర్లా! నేను రోజూ ఆ బండి తోలుతూ ఒక్కసారి కూడా ఈ లెక్క వేసుకోలేదు సార్. మా ఆవిడకి చదివి వినిపిస్తే "పోనీలెండి, వెనక ఇంజను కిందింట్లో పెట్టుకోండి" అంది. మరి 12 బై 10 గదిలో ఏం చేయమంటారు? ఎన్ గేజ్‌కి వెళ్లనా, 1:160? కళ్లకి భయం.

---

పర్లాకిమిడి నుంచి ఒక గృహిణి:

అన్నయ్యగారూ, నేను రైల్వే మనిషిని కాను, రైల్వే మనిషి భార్యని. మా ఆయన గార్డుగా చేశారు, ఆఖర్లో ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు లెండి, నాలుగేళ్ల కిందట రిటైరయ్యారు. మీరు ఇప్పుడా తర్వాతా అని అడిగారు కాబట్టి రాస్తున్నాను.

ఆయన ఇరవై ఏళ్లు పెట్టెలు కొన్నారు. ఒక్కో పెట్టె ఒక్కో ఇంజను, కలకత్తాలో ఒకటి, బొంబాయిలో ఒకటి, ఇంటర్నెట్ వచ్చాక ఇంకొన్ని, మొత్తం పదకొండు. ఏదీ విప్పి చూసేవారు కాదు. బీరువా పైఅరలో పెట్టి, రిటైరయ్యాక ఒకేసారి అన్నీ తీసి పెద్ద లైను కడతాను అనేవారు. నేనూ సరేలే అనుకున్నాను, చీరలకి జాగా లేకపోయినా. రిటైరైన ఏడాదే షుగరు ముదిరి వేళ్ల చివర స్పర్శ తగ్గింది. కుడి చెయ్యి వణుకుతుంది. టీ కప్పు పట్టుకోవడానికే రెండు చేతులు కావాలి. ఆ సన్నటి స్క్రూలు ఏం పడతారు?

పోయిన దసరాకి మా తమ్ముడి కొడుకు వచ్చి పట్టుబట్టి పెట్టెలు విప్పించాడు. పదకొండింటిలో నాలుగే కదిలాయి. మిగతావాటిలో గ్రీజు గడ్డకట్టి తేనెమైనంలా అయిపోయిందిట. వాడు రెండు శుభ్రం చేసి తిప్పాడు. ఆయన కుర్చీలో కూర్చుని చూశారు, ఏమీ అనలేదు, కాసేపటికి "లైటు వెలుగుతోందా" అని అడిగారు. అంతే.

మిమ్మల్ని భయపెట్టాలని కాదు. మా ఆయనకొచ్చిందని అందరికీ రాదు. కానీ పెట్టె కొన్నరోజునే విప్పండి, నడపండి. ఇంకోమాట, వదినగారు దుప్పటి మారుస్తానంటే మూసేస్తున్నాను అన్నారు కదా, మంచం మీద కాకుండా వేరే జాగా ఆవిడనే అడగండి. మీకు మీరే జాగా చూసుకుంటే అది ఆక్రమణ, ఆవిడ చూపిస్తే అది కేటాయింపు. మా ఇంట్లో బీరువా అర విషయంలో నన్నెవరూ అడగలేదు.

---

బల్లార్షా పీవే:

అమ్మగారి పోస్టు చదివి రాత్రి లేచి నా రెండు ఇంజన్లూ తిప్పి చూసుకున్నాను. నిజం.

పైలట్ గారూ, మీ ప్రశ్నకి వస్తాను. ఎన్ గేజ్ స్కేలు వద్దు, ఎన్ గేజ్ పట్టా కొనండి. ఈ తేడా దగ్గరే మీ సమస్య తీరుతుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

మీది పర్లాకిమిడి అన్నారు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన లైను, తర్వాత 1931కి గుణుపూర్ దాకా వెళ్లింది, రెండడుగుల ఆరంగుళాల గేజు, 762 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగించండి. 8.76 వస్తుంది. ఎన్ గేజ్ పట్టా 9 మిల్లీమీటర్లు. పావు మిల్లీమీటరు కూడా తేడా లేదు! పట్టా, చక్రాలు, మోటారు ఎన్ గేజ్‌వి. పైన బాడీ, మనుషులు, స్టేషను అన్నీ 1:87. కంటికి హెచ్‌ఓ అంత పెద్దగానే కనబడతాయి, జాగా మాత్రం సగం. బ్రాడ్‌గేజ్‌లో మనవాళ్లకి ఎప్పుడూ కుదరని గేజు లెక్క ఇక్కడ దానంతటదే కుదురుతుంది. మా వైపు గోందియా–చాందా ఫోర్ట్ లైను కూడా ఒకప్పుడు ఇదే గేజు, ఇప్పుడు బ్రాడ్‌గేజ్. నాగపూర్ మోతీబాగ్‌లో న్యారోగేజ్ మ్యూజియం ఉంది, ఎప్పుడైనా వస్తే చెప్పండి, కలిసి చూద్దాం. అక్కడ ఇంజను పక్కన నిలబడితే తెలుస్తుంది, అది మనిషి సైజుకి దగ్గర్లో ఉన్న రైలు.

నాలుగడుగులు బై అడుగున్నర బల్ల చాలు. నాలుగడుగులంటే అసలు లెక్కలో 106 మీటర్లు. ఇంజను, మూడు బోగీలు, ఒక లూప్ లైను, చిన్న ప్లాట్‌ఫారం పట్టేస్తాయి. అక్కడ మీ 58 వ్యాగన్ల బాధ ఉండదు, ఎందుకంటే అసలు బండే అంత ఉండేది కాదు.

ప్లైవుడ్ 9 మిల్లీమీటర్లది తీసుకోండి, కింద చెక్క ఫ్రేము, రెండువైపులా, అంచులకి కూడా రంగు వేయండి, అంచులే తడి పీలుస్తాయి. నిజం లైన్లో ఎండకి పట్టా పెరుగుతుంది, ఇంట్లో వానకి చెక్క పెరుగుతుంది. అతుకుల దగ్గర విజిటింగ్ కార్డు దళసరి ఖాళీ వదలండి. ప్రతి పట్టా ముక్కకీ కింద నుంచి విడిగా వైరు తీయండి, అతుకు క్లిప్పుల మీద కరెంటు ఆధారపడితే మొదటి వానాకాలానికే ఆగిపోతుంది.

---

జయపురం కుర్రోడు:

అంకుల్, నేను రైల్వే కాదు, ఎలక్ట్రానిక్స్. పీవే అంకుల్ చెప్పింది పక్కా. జపాన్ కాటో వాళ్లవి ఎన్ గేజ్ చిన్న చాసిస్‌లు దొరుకుతాయి, దాని మీద మీరు ప్లాస్టిక్ షీటుతో ఇంజను బాడీ కట్టుకోవచ్చు. బాడీ గీయడం కష్టమనిపిస్తే కొలతలు పంపండి, నా దగ్గర రెజిన్ ప్రింటర్ ఉంది, వ్యాగన్లు తీసిస్తాను. డబ్బేం వద్దు, రెజిన్ ఖర్చు ఇవ్వండి చాలు.

ఒక్క బండే కదా, డీసీసీ (ఒక్కో ఇంజన్నీ విడిగా నడిపే డిజిటల్ పద్ధతి) జోలికి వెళ్లొద్దు. 12 వోల్టుల అడాప్టరు, ఒక ఆర్డుయినో (చిన్న కంట్రోలు బోర్డు), మోటారుకి కరెంటు ఇచ్చే ఎల్298 మోడ్యూలు, ఒక నాబ్, మొత్తం వెయ్యి రూపాయల లోపే. పల్స్ పద్ధతిలో కరెంటు ఇస్తే చాలా నెమ్మదిగా కదులుతుంది. నెమ్మది ముఖ్యం అంకుల్. గంటకి 20 కిలోమీటర్ల వేగాన్ని 1:87కి దించితే ఒక మీటరు పోవడానికి 16 సెకన్లు పట్టాలి. అందరూ బొమ్మని నాలుగు సెకన్లలో పరిగెత్తిస్తారు, అక్కడే బొమ్మ అయిపోతుంది.

చిన్న ఇంజన్లతో ఒక చిక్కుంది. చక్రాలు నాలుగే కాబట్టి పాయింట్ల దగ్గర, అంటే పట్టా రెండుగా చీలే చోట, ప్లాస్టిక్ క్రాసింగ్ మీద కరెంటు అందక ఆగిపోతుంది. క్రాసింగ్‌కి కూడా కరెంటు వచ్చే పాయింట్లు కొనండి, నాలుగు రూపాయలు ఎక్కువైనా.

కంకరకి మీ నాగావళి ఇసుక జల్లించి వాడొచ్చు, కానీ ముందు దాంట్లో అయస్కాంతం తిప్పండి. మా ఫ్రెండు తిప్పలేదు. ఇసుకలో నల్ల రేణువులుంటాయి కదా, ఇనుము, అవి లేచి మోటారు అయస్కాంతానికి పట్టుకుని రెండో రోజే గరగర. చెట్లకి ఎండిన చోడి కంకులు బాగుంటాయి, కాకపోతే మా ఇంట్లో ఎలకలు ఒక రాత్రిలో అడవి మొత్తం తినేశాయి. వార్నిష్ కొట్టండి.

---

బరంపురం ఎస్సెమ్ (రిటైర్డ్):

పీవే గారితో కొట్లాడదామని వచ్చి ఒప్పేసుకుంటున్నాను. ఒక్క సవరణ మాత్రం. పైలట్ గారు బండి తోలి తోలి ఉన్నారు, ఇంట్లోనూ నాబ్ పట్టుకుని తోలడం అంటే మీ లాబీ కుర్రాడన్న ఊచల సామెతే అవుతుంది. మీరు స్టేషను వైపు ఉండండి. ఇన్నేళ్లూ స్టేషను బయట హోం సిగ్నల్ దగ్గర ఆపి మిమ్మల్ని కాయించింది మేమే కదా, ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుని చూడండి. నాబ్ వదినగారికివ్వండి.

---

రాయగడ గూడ్స్:

అందరికీ ఒకేసారి జవాబిస్తున్నాను, ఆలస్యమైంది, వరసగా మూడు రాత్రులు డ్యూటీ.

ముందు గార్డు గారి ఇంటి అమ్మగారికి. మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. అడగమన్నారు కాబట్టి జాగా అడిగాను. కుట్టుమిషను పక్కన గోడ చూపించింది, నాలుగడుగుల రెండంగుళాలు ఉంది, రెండంగుళాలు ఆవిడ కత్తెరకి అట. గార్డు గారు ఒప్పుకుంటే ఇంకా కదలని ఆ ఐదు ఇంజన్లు నేను రెస్టులో ఊరికి వచ్చినప్పుడు ఒకటొకటిగా శుభ్రం చేసిస్తాను. మనది ఒకే ఊరు. ఆయన పక్కన కూర్చుని ఏ స్క్రూ ముందు విప్పాలో చెప్తే చాలు.

కేకే లైను వదిలేశాను. బాధేం లేదు, ఏడు మీటర్ల లెక్క విన్నాక మనసు దానంతటదే దిగింది. నౌపడ బండే చేస్తాను, స్టేషను మాత్రం పర్లాకిమిడి కాదు, పాతపట్నం. మహేంద్రతనయ నదికి ఇవతల ఒడిశా, అవతల ఆంధ్రా. మా అమ్మమ్మగారి ఊరు టెక్కలి వైపు. వేసవి సెలవులకి ఆ బండి ఎక్కేవాళ్లం. ఎక్కుడు వచ్చినచోట మా మామయ్య దిగి పక్కనే నడిచి, రేగుపళ్లు కోసి కిటికీలోంచి అందించి మళ్లీ ఎక్కేవాడు. నేను రైల్వేలో చేరింది ఆ ఇంజను చూసే, పెద్ద ఇంజను చూసి కాదు. 2004లో ఆ లైను మూసేసినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను, ఆఖరి బండి చూడలేదు. 2011కి గుణుపూర్ దాకా బ్రాడ్‌గేజ్ వచ్చింది, మంచిదే, జనానికి కావల్సిందీ అదే. కానీ ఆరేళ్లుగా ఇంజన్లు కొంటూ ఈ బండి నాకెందుకు తట్టలేదో.

నిన్న ప్లైవుడ్ కోయించాను. షాపువాడు ఏం బల్ల సార్ అన్నాడు, స్టేషను అన్నాను. అంచులకి రంగు వేశాను పీవే గారూ, రెండు కోట్లు. జయపురం బాబూ, ఇసుకలో అయస్కాంతం తిప్పితే మీసంలా పట్టుకొచ్చింది, థాంక్స్. కొలతలు వారంలో పంపుతాను. ఎస్సెమ్ గారూ, నాబ్ ఎవరికివ్వాలన్నది ఇంకా తేలలేదు. మా ఆవిడ మాత్రం లైన్ క్లియర్ తనే ఇస్తానంటోంది.

ఇప్పుడు నాకు కావాల్సింది ఒక్కటే. 1970ల చివర్లో పాతపట్నం స్టేషను గోడలకి ఏ రంగు ఉండేదో ఎవరికైనా గుర్తుందా? నాకు పసుపులా గుర్తు, మా అక్క ఇటుక రంగు అంటోంది. పాత ఫోటో ఎవరింట్లోనైనా ఉంటే, నలుపు తెలుపైనా పర్వాలేదు, కిటికీలు ఎన్నో లెక్కపెట్టుకోవచ్చు. బోర్డు మీద ఊరిపేరు ఏ ఏ భాషల్లో, ఏ వరసలో ఉండేదో కూడా చెప్పండి.

కాల్ వచ్చింది. 23:30కి సైన్ ఆన్. రేపు సాయంత్రం చూస్తాను.